గేదెల భద్రత ఎవరి పూచీ?

2025 జనవరి 10వ తేదీన జర్మనీలో, బెర్లిన్ నగరం పొలిమేరల్లోని హోనోవ్ అనే చోట, ఒక చిన్న మందలో గాలికుంటు వ్యాధి బయటపడింది. ఆ మందలో వున్నవి ఆవులు కావు, గేదెలు. మొత్తం 14. మూడు వాటంతటవే చనిపోయాయి, మిగతావాటిని అధికారులు చంపించారు. 1988 తర్వాత ఆ దేశంలో గాలికుంటు కనిపించడం అదే మొదలు. ఆ రాష్ట్రం మొత్తంలో పశువుల రవాణా మొదట మూడు రోజులు ఆపేశారు. బ్రిటన్, దక్షిణ కొరియా జర్మనీ మాంసం కొనడం మానేశాయి. పోయిన పశువుల ఖరీదు అక్కడ చట్టప్రకారం పశువ్యాధుల నిధి నుంచి యజమానికి ముట్టుతుంది.

పద్నాలుగు గేదెలకు అంత హడావిడి! మన రాజోలు వైపు, అల్లవరం వైపు గాలికుంటు తగిలితే ఆ కబురు పక్క వీధి దాటదు. "ఈ యేడు జబ్బు గట్టిగా తగిలింది, పాలు పడిపోయాయి" అనుకుని గిట్టలకు పసుపూ వేపాకూ నూరి రాసి, నోరు పటిక నీళ్లతో కడిగి, దూడ బతికితే చాలునని మొక్కుకుంటారు. ఎంత నష్టమొచ్చిందో ఎవరూ లెక్క రాయరు. ఆ నష్టం ఇంటావిడ కొంగుముడిలోంచే పోతుంది.

జర్మనీ వాళ్లకు గేదెల మీద మనకన్నా ప్రేమ ఎక్కువని అనుకోనక్కర్లేదు. అక్కడ జబ్బు వస్తే ఎగుమతి వ్యాపారం ఆగిపోతుంది. 2001లో బ్రిటన్‌లో ఇదే జబ్బు వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను, గొర్రెలను చంపారు. వాటిలో చాలావాటికి జబ్బే లేదు. మార్కెట్టు కోసం చేసే భద్రతకూ, పశువు కోసమూ దాన్ని సాకేవాడి కోసమూ చేసే భద్రతకూ తేడా వున్నది. ఈ తేడా మనం ముందుగానే పట్టుకోవాలి. ఎందుకంటే ఆ మాటలు ఇప్పుడు మన గోదావరి జిల్లాల్లోకీ వచ్చాయి.

2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు మండలం వేల్పూరులో కోళ్లకు బర్డ్ ఫ్లూ అని తేలింది. 'బయోసెక్యూరిటీ' అనే మాట అప్పుడు కోళ్లఫారం కూలీ చెవిన కూడా పడింది. జబ్బు లోపలికి రాకుండా, వచ్చింది బయటకు పోకుండా చూసే కట్టుబాటు అని దాని అర్థం. పశువుల దగ్గర దీనికి తోడు 'జంతు సంక్షేమం' అని మరో మాట వుంది. పాక ఎట్లా వుంది, గేదెకు నీళ్లు అందుతున్నాయా, కొత్త పశువును వేరే కడుతున్నారా అని చూసి మార్కులు వేసే పద్ధతి అనేక దేశాల్లో వుంది. రేపు పాల కంపెనీ అయినా, అప్పిచ్చే బ్యాంకు అయినా, బీమా కంపెనీ అయినా ఇవే కొలతలు పట్టుకుని మన పాకల ముందుకు రావచ్చు. అప్పుడు తప్పు ఎవరి ఖాతాలో రాస్తారన్నదే అసలు ప్రశ్న.

'సంక్షేమం' అనే మాటతో మన రైతులకు ఇదివరకే ఒక అనుభవం వుంది. 2017 మే 23న కేంద్ర ప్రభుత్వం జంతు హింస నివారణ చట్టం కింద సంతల మీద నిబంధనలు తెచ్చింది. వధ కోసం సంతలో పశువును అమ్మరాదన్నది. ఆవుతోపాటు గేదెనూ అందులో చేర్చింది. వట్టిపోయిన గేదెను అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి పాడి గేదెను తెచ్చుకునే పేదవాడి లెక్క ఒక్క కాగితంతో తలకిందులయింది. ఆ జూలైలో సుప్రీంకోర్టు దాకా వెళ్లాక గానీ అది దేశమంతటా నిలిచిపోలేదు. ఆ నిబంధనల వల్ల పాకలో గేదెకు గుక్కెడు నీళ్లు అదనంగా దొరికింది లేదు. ఇలాంటి అనుభవం వుంది కాబట్టి మనవాళ్లు ఆ మాట వింటేనే ముఖం తిప్పుకుంటారు. అయితే ముఖం తిప్పుకుంటే నష్టపోయేది కూడా మనమే. గేదె సుఖంగా వుండడమంటే కూలీ ఇంట్లో కూలి లేని రోజున కూడా పొయ్యి వెలగడం.

ఈ కొలతలకు మూలం 1965లో బ్రిటన్‌లో వచ్చిన బ్రాంబెల్ కమిటీ నివేదిక. 1979లో అక్కడి పశు సంక్షేమ మండలి దాన్ని అయిదు స్వేచ్ఛలుగా చెప్పింది: ఆకలి దప్పులు లేకపోవడం, నిలువ నీడ వుండడం, నొప్పీ రోగమూ లేకపోవడం, తన సహజమైన తీరులో మసలగలగడం, భయం లేకపోవడం. ఈ అయిదూ చదివితే, ఇవి కోనసీమ వ్యవసాయ కూలీకి వున్నాయా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. కూలివాడి ఇల్లూ గేదె పాకా మనూళ్లో ఒకే చూరు కింద వుంటాయి. ఒకటి తడిస్తే రెండోదీ తడుస్తుంది.

నీళ్లు, ఎండ

కోనసీమలో నీళ్లకేం కొదవ అంటారు బయటివాళ్లు. గన్నవరం అక్విడక్టు దాటి వచ్చిన కాలువలు ఊరూరా పారుతుంటే నిజమే అనిపిస్తుంది. కానీ ఏటా వేసవిలో మరమ్మతుల పేరిట కాలువలు కట్టేస్తారు. సరిగ్గా ఎండలు ముదిరే రోజులవి. గేదెకు చెమట గ్రంథులు ఆవుకన్నా బాగా తక్కువ, తోలు నలుపు, వొంటి మీద బొచ్చూ పల్చన. అందుకే అది నీళ్లలో దిగుతుంది, బురద పూసుకుంటుంది. అది దాని సోమరితనం కాదు, వొంట్లో వేడిని దించుకునే మార్గం. నీడా నీళ్లూ లేని గేదె మేత మానేస్తుంది, పాలు తగ్గిస్తుంది, ఎదకు వచ్చినా తెలియనివ్వదు. పాడి గేదె తాగడానికే రోజుకు బిందెలకు బిందెలు కావాలి.

ఒకప్పుడు కాలువ కట్టేసినా ఊరి చెరువు వుండేది. చాలా ఊళ్లలో ఆ చెరువును పంచాయతీ చేపలకు పాటకు ఇచ్చింది. పాట పాడుకున్న ఆసామి గేదెను దిగనివ్వడు. సముద్రం వైపు మండలాల్లో రొయ్యల చెరువుల నీళ్లు మురుగుకాలువల్లో కలుస్తాయి. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరి ఎండిపోయిన సంగతి 2025లో రాష్ట్రమంతా విన్నది. కొబ్బరి చెట్టును చంపిన నీళ్లు గేదెకు మేలు చేస్తాయా, ఆ గట్టున పచ్చిగడ్డి మొలుస్తుందా? ఇన్‌స్పెక్టరు వచ్చి 'నీటి సదుపాయం లేదు' అని గేదె గల ఆడమనిషి పేరున సున్నా మార్కులు వేస్తే, ఆ మార్కులు నిజానికి పంచాయతీకీ, డ్రెయిన్ల శాఖకూ పడాలి.

మేత సంగతీ అంతే. కోతలు మిషను చేతికి పోయాక కూలీకి కూలి పోయింది, గేదెకు గడ్డి పోయింది. కుప్ప నూర్చినప్పుడు దొరికే నిలువు గడ్డి వేరు, మిషను నలిపి చేలో వదిలిన గడ్డి వేరు. వరి కోసిన చేలో పిల్లిపెసర, జనుము చల్లుకునే అలవాటు తగ్గింది. సొంత భూమి లేనివాడికి గట్టు గడ్డే ఆధారం. మడుగుల్లో, మురుగు పక్కన కోసిన గడ్డితో నత్తలు మోసే కార్జపు జలగ గేదె కడుపులోకి చేరుతుంది. అది తెలియక కాదు, వేరే గడ్డి లేక కోస్తారు.

వరదలో పలుపు

లంక ఊళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు. అంతకన్నా పెద్ద వరద 1986 ఆగస్టులో వచ్చింది, 75.6 అడుగులు. 1996 నవంబరు 6 తుఫాను ఎవరూ మరిచిపోలేరు. ప్రతిసారీ ఒకటే దృశ్యం: ఏటిగట్టు మీద ఒక పక్క మనుషులు, ఒక పక్క గేదెలు, మధ్యన టార్పాలిన్. నాలుగైదు ఊళ్ల గేదెలు ఒక్క గట్టు మీదే ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఒకే గుంట నీళ్లు తాగుతూ వారం రోజులు వుంటాయి. బురద పట్టిన గడ్డే మేత. జబ్బు అంటుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఏ శాస్త్రవేత్తా తయారు చేయలేడు.

మెట్ట ప్రాంతాల కోసం రాసిన పుస్తకంలో 'పాకకు కంచె వేయాలి, గేటు దగ్గర కాళ్లు ముంచే మందునీళ్ల తొట్టి పెట్టాలి' అని వుంటుంది. మంచిదే. వరద రోజున లంకలో కంచె ఎక్కడ, గేటు ఎక్కడ? కోనసీమలో బయోసెక్యూరిటీ అంటే మొట్టమొదటగా పశువులు నిలబడే మెరక దిబ్బ. లంక ఊరికి ఒకటి, దాని మీద రేకుల కప్పు, చేతిపంపు, పక్కనే ఎండుగడ్డి వాము. తుఫాను షెల్టర్లు మనుషుల కోసం కట్టారు. గేదెను వదిలి రాలేక పాక దగ్గరే వుండిపోయినవాళ్లు ఎందరో ఈ ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. కనీసం నీళ్లు ఎక్కుతున్నప్పుడు పలుపు విప్పేయాలి, గేదె ఈదగలదు, కట్టుగొయ్యతో మాత్రం ఈదలేదు. ఈ మాట ప్రతి లంకలోనూ వానాకాలం ముందే దండోరా వేయించవలసిన మాట.

పోయిన గేదెకు పరిహారం చూద్దాం. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సహాయ నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు. మంచి ముర్రా గేదె ఖరీదు లక్ష దాటుతుంది. జబ్బుతో పోతే ఇచ్చేది వేరు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం మేలుజాతి పశువుకు 30,000, నాటు పశువుకు 15,000 నష్టపరిహారం అన్నది. తర్వాత దాన్ని బీమాగా మార్చారు. బీమా అన్నాక ప్రీమియం, చెవిపోగు, పోస్టుమార్టం కాగితం. ఏటిలో కొట్టుకుపోయిన గేదెకు పోస్టుమార్టం ఎవరు చేస్తారు?

టీకా ఎప్పుడు వేశారు?

గేదెకు గాలికుంటు కన్నా పెద్ద శత్రువు గొంతువాపు. గురకవ్యాధి అని కూడా అంటారు. తొలకరిలో, నేల తడిసి గాలి బరువెక్కినప్పుడు వస్తుంది. కాలిపోయే జ్వరం, గొంతు కింద వాపు, గురక. ఉదయం కుడితి ముట్టని గేదె మర్నాటికి వుండకపోవచ్చు. ఆవు కంటే గేదెకే ఇది ఎక్కువ ప్రాణాంతకం. దీనికి టీకా వుంది, చవకైనదే. కాకపోతే వానలకు ముందే పడాలి. కాబట్టి కార్యకర్తలు అడగవలసింది 'టీకా వేశారా' అని కాదు, 'ఏ తేదీన వేశారు' అని. మే నెలలో వేసిన టీకాకూ, ఊళ్లో రెండు గేదెలు పోయాక ఆగస్టులో వేసిన టీకాకూ రిజిస్టరులో తేడా కనపడదు. రెండూ వందకు వందే. పాకలో మాత్రం తేడా కనపడుతుంది. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వుండాలి. కరెంటు పోయిన ఫ్రిజ్‌లోంచి తీసిన మందు సూదిపోటే గానీ టీకా కాదు.

గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు, ఈసుడు రోగానికి (బ్రూసెల్లోసిస్) 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు జీవితంలో ఒకసారి టీకా వేసే జాతీయ పథకాన్ని కేంద్రం 2019 సెప్టెంబరు 11న మధురలో ప్రారంభించింది. అయిదేళ్లకు 13,343 కోట్లు అన్నారు. 2025కు అదుపు, 2030కి నిర్మూలన అన్నారు. ఇలాంటివి సాధ్యమే. మన తాతలను వణికించిన పెద్దరోగాన్ని ఊరూరా ఉచిత టీకాలతోనే తరిమారు. 2006లో భారతదేశం, 2011లో ప్రపంచం మొత్తం ఆ రోగం నుంచి బయటపడ్డాయి. అది కంపెనీల వల్ల జరగలేదు. జీతం తీసుకునే సర్కారు పశువైద్య సిబ్బంది కాలినడకన, సైకిలు మీద, పడవ మీద తిరిగి చేసిన పని.

5,000 పశువులకు ఒక డాక్టరు వుండాలని 1976లోనే జాతీయ వ్యవసాయ కమిషన్ చెప్పింది. లంకల్లో ఈ లెక్కకు ఇంకో లెక్క కలపాలి: డాక్టరు ఎన్ని రేవులు దాటాలి? పి.గన్నవరం మండలం గంటి పెదపూడి దగ్గర తాత్కాలిక గట్టు వరదకు కొట్టుకుపోతే బూరుగులంక, ఊడిమూడిలంక ఊళ్లవాళ్లకు పడవే దారి అవుతూ వచ్చింది. 2022 మే 19న నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 పశువుల అంబులెన్సులు పెట్టారు, 1962 నంబరుకు ఫోను చేస్తే వస్తాయి. పనికొచ్చే ఏర్పాటే. కానీ ఆ బండి పడవ ఎక్కదు. గొంతువాపు డాక్టరు కోసం ఆగదు. వరద నెలల్లో లంకల్లోనే మందుల పెట్టెతో ఒక మనిషిని వుంచడం తప్ప దీనికి మరో దారి మాకు కనపడడం లేదు.

మన పాకలోని సంగతులు

అన్నీ సర్కారు మీద వేసి మన చేతిలో వున్నవి వదిలేయమని ఎవరం చెప్పడం లేదు. సంత నుంచి గానీ, హర్యానా లారీ నుంచి గానీ దిగిన గేదెను తిన్నగా తెచ్చి పాత గేదెల పక్కన కట్టేస్తారు. మూడు వారాలు వేరే కట్టాలి, దాని కుడితి గోళెం వేరే వుండాలి, దాని పనులు ఆఖరున చేయాలి. కొబ్బరి తోటలో ఓ మూల చెట్టుకు కట్టడానికి ఖర్చేం లేదు. పొదుగువాపు గేదెను చివర పితకాలి. గాలికుంటు వచ్చిన పాకను నూటికి నాలుగు పాళ్ల వాషింగ్ సోడా నీళ్లతో కడిగితే ఆ సూక్ష్మజీవి చస్తుంది. చచ్చిన గేదెను కాలువలో పడేయడం మాత్రం క్షమించరాని పని. కింది ఊళ్లో ఆ నీళ్లే తాగుతారు. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. లంకలో రెండడుగులు తవ్వితే నీరు వూరుతుందంటే, అందుకోసం పంచాయతీ మెరక చోటు చూపించాలి.

దున్నదూడల విషయం మాట్లాడడానికి చాలామందికి ఇష్టం వుండదు. పెయ్యదూడకు పాలు మిగులుస్తారు, దున్నదూడకు మిగల్చరు. నెలా రెండు నెలల్లో అది ఎండి చస్తుంది. 1977 నాటి రాష్ట్ర చట్టం గేదెదూడను కోయరాదంటుంది. ఆకలికి ఎండగట్టడం గురించి అడిగేవాడు లేడు. ట్రాక్టరు వచ్చి దున్నపోతు పని తీసేసింది, పాల ధర దూడ వాటా మింగేసింది. వెన్న శాతం చూసి లీటరుకు ఇంత అని కట్టే ధరలో దూడకు వదలిన పాలకు విలువే లేదు. దూడ లేకపోతే గేదె చేపదు, చేపకపోతే ఆక్సిటోసిన్ సూది. 1960 జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెరిచే మందు ఎక్కిస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. పదులకొద్దీ గేదెలున్న డెయిరీలో సూది వేయమనేది యజమాని. పట్టుబడే రోజున సూది వుండేది పాలేరు చేతిలో.

పాలు తీసేవాడి వొళ్లు

ఇక్కడే మన వ్యవసాయ కార్మిక కార్యకర్తలు ఎక్కువగా పట్టించుకోవలసింది వుంది. గేదె ఆఖరి నెలల్లో ఈసుకుపోతే, మాయ పడకపోతే, దాన్ని వట్టి చేతులతో లాగేది ఎవరు? కూలీ. పేడ తీసేదీ, కొట్టం కడిగేదీ కూలీ ఆడవాళ్లు. ఈసుడు రోగం ఆ నీళ్లలోంచి, మాయలోంచి మనిషికి అంటుకుంటుంది. వుండి వుండి జ్వరం, రాత్రి చెమటలు, నడుమూ కీళ్లూ పట్టేయడం. అమలాపురంలో డాక్టరు టైఫాయిడ్ అంటాడు, మలేరియా అంటాడు, మందులిస్తాడు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. సరైన మందు కనీసం ఆరు వారాలు వాడాలి. జ్వరంతో వచ్చిన కూలీ 'నేను గేదెల దగ్గర పని చేస్తాను, ఒకటి ఈసుకుపోయింది' అని చెబితే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. అడిగే అలవాటు డాక్టర్లకు వుండాలి, చెప్పే అలవాటు మనకు వుండాలి. ఆ ఇంట్లో పాలు పొంగేదాకా కాచిగానీ తాగకూడదు.

అమెరికాలో 2024 మార్చిలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ వచ్చినట్టు బయటపడింది. పాలు తీసే యంత్రాల ద్వారా ఒక ఆవు నుంచి మరో ఆవుకు పాకింది. మనుషుల్లో 70 దాకా కేసులు తేలితే, అత్యధికులు డెయిరీల్లో, కోళ్లఫారాల్లో పనిచేసే కూలీలే. ధనిక దేశమైనా, పెద్ద ఫారమైనా జబ్బు ముందు తట్టేది కూలీ తలుపే.

పశువులను, కళేబరాలను ముట్టుకునే పనిలో అంటుకునే జబ్బులు 1923 నాటి పనివారల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధులుగా వుండేవి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి ఆ జాబితా చేరింది. జాబితాలో వుండడం వేరు, చేతికి అందడం వేరు. ఫలానా డెయిరీలో ఫలానా రోజు నుంచి పని చేస్తున్నాడనే ఒక్క కాగితం ముక్క పాలేరు దగ్గర వుండదు. అందుకని కొట్టాలను కొలవడానికి వచ్చే ఏ ఫారంలోనైనా మొదటి పేజీలోనే అక్కడ పనిచేసే వాళ్ల పేర్లు, వాళ్లకు చేతితొడుగులు, బూట్లు, సబ్బు ఇచ్చారా లేదా అన్నది, ఏడాదికోసారి వాళ్ల రక్తపరీక్ష తేదీ రాయించాలని మనం పట్టుబట్టాలి. పదులకొద్దీ గేదెలు కట్టి పాలు అమ్మే యజమానికి ఈ కొలతలన్నీ కచ్చితంగా పెట్టవలసిందే, వాటి ఖర్చు అతనే భరించవలసిందే. ఒక్క గేదె వున్న ఇంటికి ఇదే కొలత పెట్టి పాలు కొనమంటే ఒప్పుకోరాదు. ఆ ఇంటికి ముందు టీకా, చెరువు, దిబ్బ చేరాలి.

తొలకరికి ముందే ప్రతి ఊళ్లో రైతు సేవా కేంద్రానికి వెళ్లి మూడు తేదీలు రాసుకు రావాలి: గొంతువాపు టీకా ఎప్పుడు, గాలికుంటు టీకా ఎప్పుడు, పెయ్యదూడల టీకా ఎప్పుడు. వాటిని రామాలయం గోడ మీదో, పేటలో కమ్యూనిటీ హాలు గోడ మీదో పెద్ద అక్షరాలతో రాయాలి. ఏ లంకకు ఏ గట్టు, ఆ గట్టు మీద ఎన్ని గేదెలు పడతాయి, వాటికి గడ్డి ఎక్కడి నుంచి వస్తుందన్నది మండల ఆఫీసులో అర్జీగా ఇచ్చి రశీదు తీసుకోవాలి. గోదావరి జూలైలో వస్తుంది, అర్జీ మే నెల దాటకూడదు.